రాతిలో నిలిచిన కాలువ

సోమందేపల్లె ప్రాంతమున వానలు అరుదు. ఎఱ్ఱనేల, గుండురాళ్లు, వేరుసెనగ చేలు, నీరు లేని చెఱువులు కానవచ్చును. ఇట్టి సీమలో నీటి కథ చెప్పు రాయి అల్పమైన వస్తువు కాదు.

ఇచ్చటికి చేరువనున్న పెనుకొండలో 1388వ సంవత్సరమున ప్రతాప బుక్కరాయలుండెను. పెన్నానది నీటిని పెనుకొండకు తేవలసినదని ఆయన జలసూత్రము నెఱిగిన సింగాయభట్టును ఆజ్ఞాపించెను. భట్టు కల్లుడి నుండి సిరువెర చెఱువు వఱకు కాలువ త్రవ్వించెను. ఈ సంగతిని తెలుపునది గౌరీబిదనూరు ప్రాంతపు శాసనము. బి. ఎల్. రైసు దానిని కోలారు జిల్లా శాసన సంపుటమున 1905లో ప్రకటించెను. ఆ రాతిని ఎవరైన గోడకట్టుటకు పగులగొట్టియున్నచో, సింగాయభట్టు పేరు నేడు మన మెఱుగము.

శాసనములను కాపాడువారి పనిలో ఆడంబరము లేదు. రాతిని నీట కడిగి, తడికాగితమును పఱచి, అక్షరపు గుంటలలోనికి దిగునట్లు కుంచెతో మెల్లగా కొట్టుదురు. పిదప సిరామెత్తతో అద్దగా అక్షరములు నల్లని నేలపై తెల్లగా తేలును. ఆ ప్రతిని పండితులు చదువుదురు. పురాతత్త్వశాఖవారి శాసన విభాగము మైసూరులో ఉన్నది.

రాతికి శత్రువులు వానయెండలు మాత్రమే కారు. దానము ఆచంద్రార్కము నిలువవలెనని శాసనముపై చెక్కిన సూర్యచంద్రులను నిధిగుర్తులని భ్రమించి త్రవ్వువారు కలరు. గుడిగోడకు సున్నము పూయువారు మఱియొకరు. వారిది భక్తియే, అందుచేతనే వారిని వారించుట మిక్కిలి కష్టము. అట్టిచోట ఊరి యువకులు తగవులాడక, రాతిపై నున్నది చదివించి, తాతల చెఱువు పేరు అందఱకు వినిపింతురు. సున్నపు బొక్కెన కొంతసేపు క్రింద నిలుచును.