తొలి ఆటల కంప్యూటరునకు పవర్ సప్లై నెన్నుకొను విధము

మన విద్యార్థులలో ననేకులు ఆటలాడుటకు తగిన కంప్యూటరును విడిభాగములు కొని స్వహస్తములతో కూర్చుకొనవలెనని యుత్సహించుచున్నారు. 2015వ సంవత్సరమున స్థాపితములైన తిరుపతి ఐ.ఐ.టి., ఐసర్ అను విద్యాసంస్థల యావరణములు మన ఏర్పేడు మండలముననే యుండగా, ఇచ్చటి బాలురకును బాలికలకును యంత్రములపై నాసక్తి కలుగుట వింత గాదు. ఈ యుత్సాహమును మేము మెచ్చుకొనుచునే, యొక్క విషయమున హెచ్చరింప దలచితిమి.

కొనవలసిన వస్తువుల పట్టిక వ్రాయునపుడు విద్యార్థి మొదట గ్రాఫిక్సు కార్డును, తరువాత ప్రాసెసరును వ్రాయును. మిగిలిన కొద్ది సొమ్ముతో పవర్ సప్లై కొనును. అంగళ్లలో దీనినే ఎస్.ఎం.పి.ఎస్. అందురు. తండ్రియు, "అబ్బాయీ, కంటికి కానరాని యీ పెట్టెకు ఇంత వెల యేల?" యని యడుగును. ఆ ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. సెకండునకు 50 ఆవృత్తులు గలది. కంప్యూటరులోని భాగములకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఆ మార్పును చేయునదే యీ పెట్టె. ఇంటెల్ కంపెనీ వారు 1995లో ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము ననుసరించి ఈ వోల్టేజీలు సామాన్యముగా నూటికి 5 పాళ్లకు మించి హెచ్చుతగ్గులు కారాదు. అనగా 12 వోల్టుల తీగెలో 11.4కు తక్కువగాని 12.6కు ఎక్కువగాని యుండరాదు. ఈ పెట్టె చెడినచో తానొక్కటియే చెడదు. తన వెంట తక్కిన భాగములను గూడ చెఱచును.

మే మెఱిగిన యొక యింట నిట్లే జరిగినది. ఒక బాలుడు పేరు, ముద్ర లేని పవర్ సప్లై నొకదానిని చౌకగా కొనెను. రెండవ మాసమున ఒక సాయంకాలము చుట్టుపట్ల బోరు మోటారు లన్నియు నొక్కసారి నడచుచుండగా దీపములు మసకబారినవి. అంతలో పెట్టె టప్పున ప్రేలి, కాలిన వాసన వచ్చెను. మదర్‌బోర్డును, గ్రాఫిక్సు కార్డును దానితోడనే పోయినవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, వారు పిమ్మట మంచిదానిని కొనిరి. వోల్టేజి తగ్గినపుడు బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోవుట మన రైతులెల్ల రెఱుగుదురు. పవర్ సప్లైయు నట్లే. వోల్టేజి తగ్గిన కొలదిని ఎక్కువ కరెంటు లాగి వేడెక్కును.

ఇక నెన్నుకొను విధమును చెప్పెదము.

మొదటిది, లెక్క. ఆర్.టి.ఎక్స్. 3060 అను గ్రాఫిక్సు కార్డునకు 170 వాట్లు కావలయును. 65 వాట్ల తరగతి ప్రాసెసరు నిండుపనిలో అంతకు మించి వాడును గావున 90 అనుకొందము. మదర్‌బోర్డు, ఫ్యానులు మొదలగు వానికి 60. మొత్తము 320. కాని గ్రాఫిక్సు కార్డు క్షణకాలము తన లెక్కకు మించి లాగుట కలదు. అందుచేతనే తయారీదారు లీ కార్డునకు 550 వాట్ల పవర్ సప్లైని సూచించియున్నారు. 1000 వాట్లది కొనుట వ్యర్థవ్యయము. 350 వాట్లది కొనుట సాహసము.

రెండవది, చీటీ చదువుట. పెట్టెపై పెద్ద యక్షరములతో వ్రాసిన వాట్లను నమ్మరాదు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నవో చూచి, 12తో గుణింపవలెను. పైన 450 అని వ్రాసి, గడిలో 16 ఆంపియర్లే యున్నచో, ముఖ్య భాగములకు దొరకునది 192 వాట్లే. ఏడవ తరగతి విద్యార్థియు చేయగల యీ గుణకారము వేల రూపాయలను కాపాడును.

మూడవది, రక్షణలు. అధిక వోల్టేజి, అధిక కరెంటు, అధిక భారము, షార్టు సర్క్యూటు, అధికోష్ణము అను నీ యైదింటిలో ఏది సంభవించినను తనంతట తానే యాగిపోవు పవర్ సప్లైని కొనవలెను. మన వేసవి యెండలను తలచి, 40 డిగ్రీల వేడిమికి గాక 50 డిగ్రీల వేడిమికి నిలుచునట్లు నిర్ణయింపబడినది దొరకినచో మఱియు మేలు.

నాలుగవది, 80 ప్లస్ ముద్ర. 2004లో నారంభమైన యీ పద్ధతి, విద్యుత్తు ఎంత వృథా గాక వాడబడుచున్నదో తెలుపును. కాంస్యము, రజతము, స్వర్ణము మున్నగు తరగతు లిందు గలవు. అయితే నిది పొదుపునకు గుఱుతు గాని క్షేమమునకు హామీ గాదు. కావున స్వతంత్ర పరీక్షకులు విప్పి పరీక్షించి మెచ్చిన నమూనాను, ఐదేండ్లు లేక అంతకు మించిన పూచీ గలదానిని, రసీదుతో కొనవలెను.

ఐదవది, ఇంటి యేర్పాటు. మూడు కాళ్ల ప్లగ్గునకు సరియైన ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయవలెను. ఎర్తు లేని యింట నెంత మంచి పెట్టెయు సగము కాపలాయే. పాత పెట్టెల వెనుక 115, 230 అను మీట యున్నచో, అది 230 వైపుననే యుండవలెను. ఉఱుములు మెఱుపులు గల వేళ ప్లగ్గును తీసివేయుట మంచి యలవాటు. ఒక కంపెనీ పెట్టెతో వచ్చిన తీగెలను వేఱొక పెట్టెకు తగిలింపరాదు. చివరలు సరిపోయినను లోపలి వరుస వేఱై యుండవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి. పవర్ సప్లై పెట్టెను విద్యార్థు లెన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును. అది ప్రాణములు తీయగలదు.

పిండి కొలదియే రొట్టె. సొమ్ము చాలనిచో గ్రాఫిక్సు కార్డులో నొక మెట్టు దిగుడు. పవర్ సప్లైలో దిగవలదు. కార్డు చిన్నదైన ఆటలోని బొమ్మ కొంత మసకబారును; అంతియే. పవర్ సప్లై చెడ్డదైనచో తలిదండ్రుల కష్టార్జితమును, ఒక్కొక్కయెడ ఇంటి క్షేమమును గూడ పోవును. మంచిదానిని కొన్న విద్యార్థి, కంప్యూటరులోని తక్కిన భాగములు మార్చినను, దానిని అనేక సంవత్సరములు వాడుకొనగలడు. కావున పట్టికలో చివర వ్రాయు నా పేరును ఈసారి మొదట వ్రాయుడని మా విద్యార్థులను కోరుచున్నాము.