ఇంటి పట్టా తాకట్టు పెట్టే ముందు తెలుసుకోవలసిన మాటలు

(ఇంటి స్థలం పట్టా, కన్వేయన్స్ డీడ్ లేదా టిడ్కో ఇల్లు పొందిన ఆంధ్రప్రదేశ్ లబ్ధిదారుల కోసం)

ఇల్లు మొదలుపెట్టాక స్లాబు దగ్గర డబ్బు ఆగిపోతుంది. పిల్ల పెళ్లో, ఆసుపత్రి ఖర్చో వస్తుంది. అప్పుడు బీరువాలో ఉన్న పట్టా గుర్తొస్తుంది. బ్యాంకు వాళ్లూ, బయట వడ్డీకిచ్చేవాళ్లూ ఇద్దరూ "తాకట్టు" అనే మాటే వాడతారు. కానీ వాళ్లు సంతకం పెట్టించుకునే కాగితాలు ఒకటి కావు. ఏ కాగితానికి ఏ పేరు, దాని మీద సంతకం పెడితే మీ చేతిలోంచి ఏం పోతుంది అన్నది ఇక్కడ చూద్దాం.

ముందు మీ దగ్గర ఉన్నది ఏమిటి?

ప్రభుత్వం పేదలకు ఇచ్చిన స్థలం కాగితాన్ని డీ-పట్టా అంటాం. ఇది అసైన్డ్ స్థలం, అంటే షరతులతో ఇచ్చినది. కొందరికి 2024లో సచివాలయంలోనే రిజిస్టర్ చేసిన కన్వేయన్స్ డీడ్ ఇచ్చారు. ఏదైనా సరే, ఎన్నాళ్ల వరకు అమ్మకూడదు అన్న షరతు అందులో రాసి ఉంటుందేమో మొదట చదవండి. చదవడం రాకపోతే వీఆర్‌ఓ గారితో చదివించుకోండి.

ఈ గడువు లోపల స్థలం అమ్మినా, బయటివాళ్లకు తాకట్టు పెట్టినా 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం అది చెల్లదు. అప్పిచ్చినవాడికి హక్కు రాదు. మీకూ ముప్పే, ఎందుకంటే షరతు తప్పిన స్థలాన్ని వెనక్కి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. అదే చట్టం 6వ సెక్షన్ బ్యాంకులకూ, సహకార సంఘాలకూ మినహాయింపు ఇచ్చింది. అంటే అదే పట్టా మీద బ్యాంకు లోను తీసుకోవచ్చు, ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర మాత్రం పెట్టకూడదు. ఈ తేడా తెలియక చాలామంది పట్టా బయట ఇచ్చేస్తున్నారు.

నిషేధిత జాబితా, అంటే 22-ఏ జాబితా, అన్న మాట కూడా వింటుంటారు. అందులో ఉన్న సర్వే నంబరుకు సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషన్ చేయరు. అందుకే కొందరు "నోటరీ చేయిస్తే చాలు" అంటారు. చాలదు. నోటరీ ముద్ర పడినంత మాత్రాన స్థలం చేతులు మారదు.

తనఖా, అమ్మకం, అగ్రిమెంటు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మీది పెద్దల నుంచి వచ్చినదో, కొన్నదో అయిన సొంత స్థలమైనా ఈ భాగం చదవండి.

తనఖా అంటే ఆస్తి మీదే, అప్పుకు హామీగా మాత్రమే పెట్టారు అని అర్థం. డబ్బు కట్టి విడిపించుకునే హక్కు మీకు ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 60వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. స్థలాన్ని అప్పిచ్చినవాడి చేతికి అప్పగించి, దాని మీద రాబడి వాడు తీసుకునేలా రాస్తే స్వాధీన తనఖా. బ్యాంకు వాళ్లు ఎక్కువగా చేసేది టైటిల్ డీడ్ డిపాజిట్, అంటే ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో ఉంచడం. మీరు ఇంట్లోనే ఉంటారు. మిగతా రకాల తనఖా వంద రూపాయలు, అంతకు మించిన అప్పుకు అయితే రిజిస్టర్ కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి.

బయట అప్పిచ్చేవాళ్లలో కొందరు తనఖా రాయించుకోరు. "ఊరికే సెక్యూరిటీకి అమ్మా" అంటూ సేల్ అగ్రిమెంటో, జీపీఏనో, ఏకంగా సేల్ డీడో రాయించుకుంటారు. జీపీఏ అంటే మీ తరఫున అమ్మే అధికారం వాళ్లకు ఇచ్చేయడం. సేల్ డీడ్ అంటే అమ్మేసినట్టే. "డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తాను" అని వేరే తెల్లకాగితం మీద రాసిచ్చినా అది తనఖా కిందికి రాదు. ఆ షరతు అమ్మకం దస్తావేజులోనే రాసి ఉండాలి. ఇది 58వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. నోటి మాట సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి సంతకం పెట్టే ముందు కాగితం పైన శీర్షిక చదవండి. "విక్రయ" అన్న మాట కనిపిస్తే పెన్ను కింద పెట్టండి. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం ఎవరికీ ఇవ్వద్దు.

ఇంకో మాట. డ్వాక్రా సంఘం లోను 20 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ లోనుకు మీ ఇంటి పట్టా అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

ఈఎంఐలో అసలు ఎంత, వడ్డీ ఎంత?

మూడు లక్షల లోను, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుందాం. నెలకు సుమారు 2,700 రూపాయలు కట్టాలి. మొదటి నెల అందులో 2,250 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 450 మాత్రమే. ఏడాదంతా కడితే 32 వేలు దాటుతుంది, అసలు తగ్గేది సుమారు 5,600. "ఏడాది కట్టాం, ఏమీ తగ్గలేదేంటి" అని బ్యాంకులో గొడవ పడేది ఇందుకే. అది మోసం కాదు, లెక్కే అంత. అదే లోను 15 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు 3,040 దాకా వస్తుంది, కానీ మొత్తం మీద దాదాపు లక్ష రూపాయలు మిగులుతుంది.

ఫ్లోటింగ్ వడ్డీ అంటే మారే వడ్డీ. పెరిగినప్పుడు ఈఎంఐ అంతే ఉంచి నెలలు పొడిగిస్తుంటారు. ఎన్ని నెలలు పెరిగాయో అడగండి. ఫ్లోటింగ్ ఇంటి లోను ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. కాబట్టి పంట డబ్బో, చీటీ డబ్బో వస్తే అసలులో కట్టండి.

వాయిదాలు తప్పితే

బాకీ 90 రోజులు దాటితే ఖాతాను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారు. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు రావచ్చు. నోటీసు రాగానే ఇల్లు పోయినట్టు కాదు. ఆ 60 రోజుల్లో మీ అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు, బ్యాంకు దానికి జవాబు ఇవ్వాలి. బ్యాంకు స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లవచ్చు. అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం లోపే బాకీ మిగిలితే ఈ చట్టం వర్తించదు. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం మాత్రం చేయకండి, గడువు మీకే పోతుంది.

లోను తీరాక

నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. 30 రోజుల్లోగా ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం. తాకట్టు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదై ఉంటే అక్కడ రిలీజు కూడా నమోదు చేయించాలి. తర్వాత ఒక ఈసీ తీయించి చూడండి. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. తాకట్టు ఒక్కటే కనిపించి రిలీజు కనిపించకపోతే, బ్యాంకు ఇచ్చిన కాగితాలతో మళ్లీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలి.