మానవ అక్రమ రవాణా – నివారణోపాయాలు

మనిషిని వస్తువుగా ఎంచి విక్రయించే దురాచారం బానిస సంతలతోనే అంతరించిందని మనం భావిస్తుంటాము. సంతలు పోయినవి, వ్యాపారం మాత్రం ఉద్యోగం, వివాహం, వీసా అనే పేర్ల చాటున సాగుతూనే ఉన్నది.

1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో మనుష్యుల క్రయవిక్రయాలను, వెట్టిచాకిరిని నిషేధించింది. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షనును సవరించి ఈ నేరాన్ని విపులంగా నిర్వచించారు. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను అమలులోకి వచ్చింది.

ఈ నిర్వచనంలో మూడు అంశాలున్నవి. మనిషిని చేర్చుకొనడం, తరలించడం, దాచడం, అప్పగించడం మొదటిది. బెదిరింపు, బలప్రయోగం, మోసం, ప్రలోభం రెండవది. దోపిడీ చేసే ఉద్దేశం మూడవది. ఇవి ఉన్నచోట బాధితుల సమ్మతితో నిమిత్తం లేదని చట్టం స్పష్టం చేసింది. కనుక "ఇష్టపడే వెళ్ళింది కదా" అనే నింద న్యాయసమ్మతం కాదు.

అయితే శిక్ష నేరం జరిగిన తరువాతి మాట. నివారణ ప్రయాణానికి ముందే మొదలు కావాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి, హైదరాబాదు పాతబస్తీ నుండి ఎందరో జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. వలస నేరం కాదు. వలసకు మోసం తోడైనపుడే ప్రమాదం. 1983 నాటి వలసల చట్టం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంట్లు రిజిస్ట్రేషను పొందాలని శాసించింది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ మొదలైన కొన్ని దేశాలకు ఉద్యోగానికై వెళ్ళాలంటే ప్రభుత్వానుమతి పొందాలని నియమం ఏర్పడింది. ఆ సందర్భంలో ఒప్పంద పత్రాన్ని పరిశీలిస్తారు. దళారి ఈ పరిశీలనను తప్పించుటకే విజిట్ వీసా చేతిలో పెడతాడు. అచ్చట దిగిన పిదప పాస్‌పోర్టు యజమాని వశమైతే, అప్పు ఇంటివద్ద పెరుగుతుంటే, ఆ మనిషికి తిరుగుదారి ఏది?

ఇచ్చట విద్యార్థులు ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. పదవ తరగతి ఉత్తీర్ణులకు ఆ అనుమతి అవసరం లేదనడంలో, చదువుకున్నవారు తమను తాము కాపాడుకోగలరనే నమ్మకం ఉన్నది. ఆ నమ్మకాన్ని మనం నిలబెట్టుకోవాలి. ఏజెంటు రిజిస్ట్రేషనును విచారించడం, ఒప్పందాన్ని చదివించుకొని సంతకం చేయడం, వీసా ఏ రకమో తెలుసుకోవడం కష్టమైన పనులు కావు. మన వాడలో చదువురాని తల్లికి ఈ మూడు మాటలు ఉర్దూలోనో తెలుగులోనో చెప్పగలిగితే, చట్టం పుస్తకాన్ని దాటి ఇంటి గడపకు చేరినట్లే.