చదరంగపు ప్రోగ్రాములు: మూలము, అనుసరణ

గురువును మించిన శిష్యుడు అన్న మాట కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా వర్తించునా? ఒకరు రచించిన చదరంగపు ప్రోగ్రామును తీసికొని మరొకరు మార్పులు చేసినచో, ఆ అనుసరణ మూలమును ఓడింపగలదా? అసాధ్యమని తోచవచ్చును గాని, చరిత్ర వేరు విధంగా సాక్ష్యమిస్తున్నది.

నార్వే దేశస్థుడైన టోర్డ్ రోమ్‌స్టాడ్ 2004లో 'గ్లౌరుంగ్' అనే ప్రోగ్రామును వెలువరించినాడు. దాని కోడును ఎవరైనా చదివి, మార్చుకొనవచ్చును. 2008లో ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా దాని ఆధారముననే 'స్టాక్‌ఫిష్'ను రూపొందించినాడు. అనతికాలంలోనే రోమ్‌స్టాడ్ తన గ్లౌరుంగ్‌ను విడిచి స్టాక్‌ఫిష్ పనిలో చేరిపోయినాడు. తండ్రి వచ్చి కొడుకు ఇంట చేరినట్లన్నమాట!

ఈ ఆధిక్యము ఎట్లు కలిగినది? చదరంగపు ప్రోగ్రాములో ముఖ్యంగా రెండు పనులున్నవి. రాబోవు ఎత్తులను వెదకుట ఒకటి. ఏర్పడిన స్థితి ఎవరికి అనుకూలమో విలువ కట్టుట రెండవది. అనుసరించువాడు ఈ రెంటిని మొదటి నుండి నిర్మింపనక్కరలేదు. మూలకర్త ఆగినచోట అతడు మొదలుపెట్టును. కాని ఊరక అంకెలు మార్చినంత మాత్రమున బలము పెరుగదు. పరీక్ష కావలెను. 2013లో గ్యారీ లిన్స్‌కాట్ నెలకొల్పిన 'ఫిష్‌టెస్ట్' ఏర్పాటులో, ఔత్సాహికులు తమ కంప్యూటర్లను అప్పగింతురు. ప్రతి చిన్న మార్పు పాత రూపముతో వేలకొలది ఆటలాడి, తన మేలు నిరూపించుకొనిన పిదపనే స్వీకరింపబడును. అంటే మూలమే అనుసరణకు తొలి ప్రత్యర్థి. 2020లో స్టాక్‌ఫిష్ 12తో చేరిన నాడీజాల పద్ధతి కూడా అరువు తెచ్చుకొన్నదే. జపాను చదరంగమైన షోగీ కొరకు యూ నాసు 2018లో దానిని కల్పించినాడు.

అయితే మించుట వేరు, ఋణమును ఒప్పుకొనుట వేరు. వాసిక్ రాజ్‌లిక్ రచించిన 'రిబ్కా' 2007 నుండి 2010 వరకు ప్రపంచ కంప్యూటరు చదరంగ పోటీలలో వరుసగా నెగ్గినది. 'ఫ్రూట్' మొదలైన ఇతరుల ప్రోగ్రాముల నుండి గ్రహించి ఆ సంగతి చెప్పలేదని నిర్వాహక సంఘము 2011లో తీర్మానించి, ఆ బిరుదులను రద్దుచేసినది. రాజ్‌లిక్ ఆ ఆరోపణను అంగీకరింపలేదు. రిబ్కా బలమును మాత్రము శంకించినవారు లేరు.

సాహిత్య విద్యార్థికి ఈ భేదము క్రొత్తది కాదు. వ్యాసభారతమును తెనిగించిన నన్నయ స్వతంత్రముగానే నడిచినాడు, కాని వ్యాసుని పేరు దాచలేదు. స్టాక్‌ఫిష్ కోడుతో పాటు లభించు కర్తల పట్టికలో కూడా మొట్టమొదటి పేరు టోర్డ్ రోమ్‌స్టాడ్‌దే.