పాఠం 14 : చర్మం, జుట్టు – సహజ సంరక్షణ

14.1 పరిచయం

క్రితం పాఠంలో సమతులాహారం గురించి చదివారు. తిన్న ఆహారం ప్రభావం మొదట కనిపించేది చర్మం మీద, జుట్టు మీద. ఈ పాఠంలో వాటిని కాపాడుకునే పద్ధతులు తెలుసుకుందాం. ఉదాహరణలు ఎక్కువగా కోల్‌కతా నగరం నుంచి తీసుకున్నాం. తలనూనెలకు, సబ్బులకు, క్రీములకు ఆ నగరం వంద ఏళ్లకు పైగా పేరు పొందింది. ఉక్కపోతకు కూడా అది పేరు పొందిన ఊరే.

కుంతలం అంటే జుట్టు అని మీకు తెలుసు. బెంగాలీలోనూ అదే మాట ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ తాను తయారుచేసిన తలనూనెకు ‘కుంతలీన్’ అని పేరు పెట్టి, దాని ప్రచారం కోసం కథల పోటీ నిర్వహించారు. 1896లో బహుమతి పొందిన కథను రాసినవారు శాస్త్రవేత్త జగదీశ్‌చంద్ర బోస్. సముద్రంలో తుఫాను ఒక సీసా తలనూనెతో శాంతించడం ఆ కథలోని విషయం. అది కథ కాబట్టి చదివి ఆనందిస్తాం. కాని ‘వారం రోజుల్లో తెల్లబడతారు’, ‘నెలలో జుట్టు మోకాళ్ల వరకు పెరుగుతుంది’ అనే ప్రకటనలను మాత్రం నమ్మి డబ్బు ఖర్చు పెడతాం. ఒక్కొక్కసారి ఆరోగ్యాన్ని కూడా పోగొట్టుకుంటాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• చర్మం, జుట్టు ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.
• ఇంట్లో దొరికే వస్తువుల్లో ఏవి మేలు చేస్తాయో, ఏవి కీడు చేస్తాయో గుర్తించగలుగుతారు.
• హాని చేసే క్రీములు, రంగుల నుంచి జాగ్రత్త పడగలుగుతారు.
• మీ ముఖానికీ, మీ పనికీ తగిన కేశాలంకరణ ఎంచుకోగలుగుతారు.

14.3 చర్మం – దాని రంగు

చర్మంలో రెండు ముఖ్యమైన పొరలు ఉన్నాయి. పైన ఉండేది బాహ్యచర్మం. దాని కింద ఉండే అంతశ్చర్మంలో రక్తనాళాలు, స్వేదగ్రంథులు, నూనె గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు ఉంటాయి. బాహ్యచర్మంలోని కణాలు సుమారు నాలుగు వారాల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి. అందువల్ల ఏ మార్పు అయినా ఒక రాత్రిలో రాదు.

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాల సంఖ్య నల్లనివారిలోనూ తెల్లనివారిలోనూ దాదాపు సమానమే. తయారయ్యే మెలనిన్ పరిమాణంలోనే తేడా ఉంటుంది. ఎండ వల్ల కలిగే హాని నుంచి మెలనిన్ మనల్ని రక్షిస్తుంది. కాబట్టి నలుపు రోగం కాదు, లోపం కాదు. దానికి చికిత్స అవసరం లేదు.

14.4 రోజువారీ సంరక్షణ

కోల్‌కతాలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు. కోస్తా జిల్లాల్లో ఉండే మీకు కూడా ఇది అనుభవమే. చెమట నిలిచిన చోట చెమటకాయలు, తామర వస్తాయి. దీనికి ఖరీదైన మందుల కన్నా ఈ అలవాట్లు ముఖ్యం :
1. రోజూ స్నానం చేసి, చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి.
2. వదులైన నూలు బట్టలు ధరించాలి. తడి లోదుస్తులు వేసుకోరాదు.
3. తువ్వాలు, దువ్వెన ఎవరివి వారికే ఉండాలి.
4. ముఖాన్ని రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. పదేపదే సబ్బు రుద్దితే చర్మం పొడిబారుతుంది.
5. ఎండలోకి వెళ్లేటప్పుడు గొడుగు పట్టుకోవాలి. ముఖం నల్లమచ్చలు పడకుండా కాపాడే సాధనాల్లో గొడుగు చవకైనది.

చలికాలంలో చర్మం పగులుతుంది. స్నానం చేసిన వెంటనే, ఒంటి మీద కాస్త తడి ఉండగానే కొబ్బరినూనె రాసుకుంటే ఆ తేమ నిలుస్తుంది. 1929లో కలకత్తాలో గౌర్‌మోహన్ దత్తా ప్రారంభించిన బోరోలీన్ క్రీము పగుళ్లకు వాడేదే. 1916లో అక్కడే స్థాపించిన కలకత్తా కెమికల్ కంపెనీ వేపనూనెతో మార్గో సబ్బు తయారుచేసింది. మన పెరటి వేపచెట్టును అంగడి వస్తువుగా మార్చిన ఉదాహరణ ఇది.

14.5 వంటింటి వస్తువులు

శనగపిండి లేదా పెసరపిండితో చేసిన నలుగుపిండి జిడ్డును తీస్తుంది. మెత్తగా జల్లించి, గట్టిగా రుద్దకుండా వాడాలి. మీగడ పొడి చర్మాన్ని మెత్తబరుస్తుంది.

అయితే సహజమైనదంతా సురక్షితం అనుకోరాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి, నల్లమచ్చలు చాలాకాలం ఉండిపోతాయి. వంటసోడా చర్మాన్ని మండిస్తుంది. ఏ వస్తువైనా ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి, ఒకటి రెండు రోజులు చూసిన తరువాతనే ముఖానికి వాడాలి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.1
ఖాళీలు పూరించండి.
1. చర్మానికి రంగునిచ్చే పదార్థం ________.
2. బాహ్యచర్మ కణాలు సుమారు ________ వారాల్లో మారతాయి.
3. ________ రాసుకుని ఎండలోకి వెళితే నల్లమచ్చలు పడతాయి.

14.6 అందం పేరుతో జరిగే హాని

ఒక పెళ్లికూతురిని ఊహించుకోండి. పెళ్లి ఇంకా మూడు నెలలు ఉంది. మందుల దుకాణంలో ఎవరో చెప్పిన క్రీము కొనుక్కుంది. రెండు వారాల్లో ముఖం తేటపడింది. అందరూ మెచ్చుకున్నారు. రెండు నెలలకు చెక్కిళ్లు ఎర్రబడ్డాయి, మొటిమలు లేచాయి. క్రీము మానితే మంట, రాస్తే ఉపశమనం. ఇక దాన్ని వదలలేకపోయింది.

ఆ క్రీములో స్టెరాయిడ్ ఉంది. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ ఇలాంటివే. వైద్యుడు చెప్పిన రోగానికి, చెప్పినన్ని రోజులు వాడితే ఇవి మంచి మందులు. తెల్లబడడానికి వాడితే చర్మం పలచబడి, లోపలి రక్తనాళాలు కనిపిస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటికే ఇలాంటి క్రీము వాడుతున్నవారు సిగ్గుపడకుండా, దాన్ని వెంట తీసుకుని చర్మవైద్యుని వద్దకు వెళ్లాలి.

బొట్టుబిళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. రసాయనాల వల్ల చర్మంపై తెల్లమచ్చలు వచ్చిన 864 మందిని కోల్‌కతా వైద్యులు పరిశీలించారు. కారణాల్లో జుట్టురంగు మొదటిది. సువాసన స్ప్రేలు, బట్టల సబ్బులు, బొట్టుబిళ్ల జిగురు, రబ్బరు చెప్పులు కూడా ఉన్నాయి. కొన్ని బొట్టుబిళ్లల జిగురులోని రసాయనం మెలనిన్ తయారుచేసే కణాలను చంపుతుంది. బొట్టు దగ్గర దురద పుట్టినా, చర్మం పాలిపోయినా వెంటనే బిళ్ల మానండి. ఆలస్యం చేస్తే రంగు తిరిగి రాకపోవచ్చు. ఈ మచ్చలు అంటువ్యాధి కావు, కుష్ఠు కాదు. అవి ఉన్నవారిని దూరం పెట్టడం అన్యాయం.

14.7 చర్మం ఇచ్చే హెచ్చరిక

1983లో కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా వద్దకు పల్లెల నుంచి రోగులు వచ్చారు. వారి ఛాతీపై వానచినుకులు పడ్డట్టు మచ్చలు, అరిచేతుల్లో గట్టి బొడిపెలు కనిపించాయి. దీనికి కారణం గొట్టపుబావుల నీటిలోని ఆర్సెనిక్ అనే విషమని ఆయన గుర్తించారు. ఉత్తర 24 పరగణాలు, నదియా, ముర్షిదాబాద్, మాల్దా జిల్లాల్లో ఎందరో దీనికి గురయ్యారు. ఈ నీటిని మరిగించినా విషం పోదు. లీటరు తాగునీటిలో ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము మించరాదు.

ఆ మచ్చలకు పసుపు రాసుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒకే ఇంట్లో, ఒకే వీధిలో పలువురికి ఒకే రకం మచ్చలు వస్తే నీటిని పరీక్ష చేయించాలి. స్పర్శ లేని మచ్చ, మానని పుండు, రంగు మారుతున్న పుట్టుమచ్చ ఉంటే వైద్యునికి చూపించాలి.

14.8 జుట్టు

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. కుచ్చులుగా రాలితే రక్తహీనత, జ్వరం, కాన్పు, థైరాయిడ్ లోపం వంటి కారణాలు ఉండవచ్చు. అప్పుడు నూనె మార్చడం వల్ల లాభం లేదు.

కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, తలస్నానంలో మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుంది. కాని ఏ నూనె కూడా కొత్త జుట్టును మొలిపించదు. కుంకుడురసం, శీకాయ జిడ్డును బాగా వదలగొడతాయి, కంట్లో పడకుండా చూసుకోవాలి. తడి జుట్టును దువ్వరాదు. ఆరిన తరువాత పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో చివరల నుంచి చిక్కు తీయాలి.

అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. ‘నల్ల గోరింటాకు’ అని అమ్మేదానిలో రసాయన రంగు కలుపుతారు. రంగు వేసుకునే 48 గంటల ముందు చెవి వెనుక కొద్దిగా రాసి చూడండి.

14.9 ముఖానికి తగిన కేశాలంకరణ

• గుండ్రని ముఖం : పక్కపాపిడి తీసి, నడినెత్తిన కాస్త ఎత్తుగా దువ్వాలి.
• పొడవాటి ముఖం : చెవుల దగ్గర జుట్టు వదులుగా, నిండుగా ఉండాలి.
• చతురస్రాకారపు ముఖం : మెడ మీద వదులు ముడి నప్పుతుంది. బెంగాలీ స్త్రీలు ‘ఖోంపా’ అని పిలిచే ఈ ముడిలో పూలు పెట్టుకుంటారు.
• వెడల్పు నుదురు : కొన్ని కురులు నుదుటి మీదికి వచ్చేలా కత్తిరించుకోవచ్చు.

ఇవి సూచనలు మాత్రమే. మీకు హాయిగా ఉన్నదే మీకు అందం. రోజూ బిగించి జడ వేస్తే, బిగువుగా ముడి చుడితే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. హుగ్లీ తీరంలోని జనపనార మిల్లుల్లో తెలుగువారు ఎందరో పనిచేశారు. మీరూ యంత్రాల దగ్గరో పొయ్యి దగ్గరో పనిచేసేవారైతే జుట్టును పూర్తిగా ముడివేసి గుడ్డ కట్టుకోండి.

కృత్యం : మీ ఇంట్లోని సబ్బు, క్రీము, జుట్టురంగు పెట్టెలపై ముద్రించిన పదార్థాల పేర్లు, గడువు తేదీ రాసుకోండి. పేర్లే లేని వస్తువును పక్కన పెట్టండి.

14.10 మీరు నేర్చుకున్నది

చర్మం రంగు లోపం కాదు. శుభ్రత, నీడ, ఆహారం, నిద్ర అందానికి మూలం. సహజమైనదైనా పరీక్షించి వాడాలి. వైద్యుని చీటీ లేని స్టెరాయిడ్ క్రీము ప్రమాదం. మచ్చలు కొన్నిసార్లు లోపలి రోగానికి హెచ్చరిక.

14.11 పాఠాంత ప్రశ్నలు

1. స్టెరాయిడ్ క్రీమును తెల్లబడడానికి వాడితే కలిగే నష్టాలు రాయండి.
2. జుట్టు రాలడానికి నాలుగు కారణాలు తెలపండి.
3. మీ చెల్లెలు తెల్లబడే క్రీము కొనమని అడిగింది. ఆమెకు ఏమని చెబుతారు? పది వాక్యాల్లో రాయండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలకు జవాబులు
14.1 : 1. మెలనిన్ 2. నాలుగు 3. నిమ్మరసం