పురుగు మరిచిపోయిన పనులు

మా చిన్నాన్న షెడ్డులో ఒకసారి ఓ తుంటరి పని చేశాను. ఆకలి మీదున్న పట్టుపురుగునొకదాన్ని తీసి, మేతకు రెండు జానల దూరంలో వట్టి తట్టలో పెట్టాను. తలెత్తి అటూ ఇటూ ఊపింది. నాలుగు వేళ్ల మేర పాకింది. అక్కడే ఆగిపోయింది. అరగంట తర్వాత వెళ్లి చూస్తే అక్కడే ఉంది. "దాన్ని ఏడిపించాకురా, వెతుక్కొని తినేది దానికి రాదు" అంటూ చిన్నాన్న ఓ ఆకు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు.

కుక్కను, మేకను మచ్చిక చేశామంటాం. వాటిని అడవిలో వదిలేస్తే కొన్నయినా బతికి బట్టకడతాయి. పట్టుపురుగు ఒక్క తరం కూడా నిలవదు. దాని అడవి చుట్టం ఇప్పటికీ చైనాలో మల్బరీ చెట్ల మీద ఉంది. పేరు బాంబిక్స్ మాండరీనా. ఒంటి మీద మట్టిరంగు మచ్చలతో కొమ్మలో కలిసిపోతుంది, రెక్కలొస్తే ఎగిరిపోతుంది. సుమారు అయిదు వేల ఏళ్ల కిందట అక్కడివాళ్లు దాన్ని ఇంట్లోకి తెచ్చారు. 2009లో 29 పెంపుడు రకాల, 11 అడవి పురుగుల జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చూసిన శాస్త్రవేత్తలు ఈ మచ్చిక ఒక్కసారే జరిగిందని తేల్చారు. 1926లో షాన్‌షీ రాష్ట్రంలోని షీయిన్ గ్రామం దగ్గర తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త లీ జీకి సగానికి కోసిన పట్టుగూడు ఒకటి దొరికింది. అది పెంపుడు పురుగుదా, అడవిదా అన్న తగువు ఇంకా తెగలేదు. నన్నడిగితే మచ్చిక కథ చదవడానికి మ్యూజియం అక్కర్లేదు, ఒక పంట కాలం షెడ్డులో కూర్చుంటే చాలు. పురుగు ఏ పని మరిచిపోయిందో ఆ పనల్లా రైతు నెత్తిన పడుతుంది.

పంట గుడ్లతో మొదలవుతుంది. ఒక తల్లి పెట్టిన గుడ్లు ఒక లేయింగ్; 100 లేయింగ్స్ తెచ్చుకుంటే నలభై వేలకు పైగా పురుగులు. గుడ్డు మీద నల్లటి చుక్క, అంటే లోపలి పిల్ల తల, కనిపించగానే షీట్లను నల్ల కాగితంలో చుట్టి చీకట్లో ఉంచుతారు. ముందు ఎదిగినవి ఆగుతాయి, వెనకబడినవి అందుకుంటాయి. సరిగ్గా గుడ్లు పగిలే రోజు పొద్దున్నే కాగితం విప్పి వెలుతురు చూపిస్తే కొన్ని గంటల్లో దాదాపు అన్నీ ఒక్కసారే బయటికొస్తాయి. పుట్టే గడియ కూడా మనిషే పెడతాడన్నమాట.

మొదటి రెండు దశల పెంపకాన్ని చాకీ అంటారు. పిల్ల చీమంత ఉంటుంది. లేత ఆకును సన్నగా తరిగి చల్లాలి, 27, 28 డిగ్రీల వేడి, గాలిలో బాగా తేమ ఉండాలి. ఒకప్పుడు ఇంటి ఆడవాళ్లు పసిబిడ్డను సాకినట్టు సాకేవాళ్లు. ఇప్పుడు చాలామంది రెండో జ్వరం దాటిన పురుగులను చాకీ సెంటర్లోనే కొనుక్కుంటున్నారు.

జ్వరమంటే ఒళ్లు కాలే జ్వరం కాదు, పొర విడిచే నిద్ర. పురుగు జీవితంలో ఇది నాలుగు సార్లొస్తుంది. మేత మానేసి, తల పైకెత్తి, దండం పెడుతున్నట్టు రోజంతా కదలకుండా కూర్చుంటుంది. రైతు పనితనం తేలేది ఇక్కడే. పురుగులు జ్వరానికి కూర్చోగానే సున్నప్పొడి చల్లి బెడ్డు ఆరబెట్టాలి, లేకపోతే మిగిలిన ఆకు కుళ్లి రోగం పుడుతుంది. లేచేటప్పుడు ఇంకో చిక్కు. ముందు లేచినవి ఆకలితో తల ఊపుతుంటే మనసాగక ఆకు వేశారా, పంట చెడినట్టే. అవి ముందుకెళ్లిపోతాయి, నిద్రలో ఉన్నవి ఆకు కింద పడి వెనకబడతాయి, చివరిదాకా బెడ్డులో పెద్దవీ చిన్నవీ కలగలిసే ఉంటాయి. నూటికి తొంభై అయిదు లేచేదాకా చేతులు కట్టుకొని నిలబడాలి. చిన్నాన్న వంగి, వేలితో ఒక పురుగును మెల్లగా కదిపి, దాని మూతి రంగు చూసి "ఇంకో రెండు గంటలు" అనేవాడు.

నాలుగో జ్వరం దాటాక ఇల్లంతా షెడ్డులోనే. పంట మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఈ చివరి వారం రోజుల్లోనే అయిపోతుంది. ఆకు కోసే తీరిక ఎక్కడిది, కొమ్మలకు కొమ్మలే నరికి తెచ్చి పరుస్తారు. ఆ తినే చప్పుడును వానతో పోల్చి రాస్తారు చాలామంది. నాకైతే ఎండిన వేరుశనగ పొట్టు మీద నడిచినట్టు వినిపించేది. పుట్టినప్పటి బరువుకు పురుగు పది వేల రెట్లవుతుంది. ఊజీ ఈగ వచ్చి ఒంటి మీద గుడ్డు పెడితే తప్పించుకోవడం దానికి చేతకాదు కాబట్టి కిటికీలకు వలలు మనమే కట్టాలి. వాకిట్లో బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకోనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. పొగాకు వాసనున్న చేత్తో మేత వేయనివ్వరు.

మన తెలుగు నేల మీదే దీనికి పూర్తి విరుద్ధమైన పురుగొకటుంది. మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో మద్ది చెట్ల మీద పెరిగే దసలి పురుగు. ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోతుంది, లాగినా ఊడనంత గట్టిగా కొమ్మను పట్టుకుంటుంది, గూడును కాయలా తొడిమతో వేలాడదీసుకుంటుంది. పిట్టలనూ చీమలనూ తోలడం పెంచేవాళ్ల వంతు, తిండి వెతుక్కోవడం దాని వంతు. మల్బరీ పురుగుకు ఆ పట్టు లేదు, ఆ రంగూ లేదు.

ఆకు తినడం మానేసి, ఒళ్లు కాస్త కుదించుకుపోయి, వెలుతురులో పట్టి చూస్తే లోపలిదాకా కనిపించేలా తేలిందంటే పురుగు పండినట్టు. ఒకప్పుడు ఒక్కొక్కటే ఏరి గూడు కట్టుకోవడానికి వెదురు చంద్రికల మీద వదిలేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ నేత్రికలను బెడ్డు మీద పరిస్తే తనే పైకెక్కుతుంది. ఈ ఒక్క తెలివి మాత్రం దానికి మిగిలింది. రెండు మూడు రోజులు తలను 8 అంకెలా తిప్పుతూ తెగని దారం అల్లుతుంది. తెల్ల గూళ్ల బైవోల్టిన్ రకాల్లో ఆ దారం కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది.

గూళ్లను తొందరపడి విడిపించకూడదు. లోపలి ప్యూపా చర్మం ఇంకా లేతగా ఉంటే చిట్లి గూడుకు మరకవుతుంది. ఆరేడు రోజులాగి విడిపించి, హిందూపురం మార్కెట్టుకో మరోచోటికో చేర్చాలి. మరీ ఆలస్యం చేస్తే పది పన్నెండు రోజులకు ప్యూపా రెక్కల చిలుకై గూడు తొలుచుకొని వచ్చేస్తుంది, తొలిచిన గూటిలో పొడుగు దారం రాదు. అందుకే వేడిగాలిలోనో ఆవిరిలోనో ప్యూపాను చంపేస్తారు. తినే ప్రతి మెతుకూ చేతికందించి పెంచిన ప్రాణి కథ అక్కడితో సరి.

విత్తనానికి ఉంచిన వాటికే రెక్కలొస్తాయి. వచ్చినా ఎగరలేవు. చిలుక ఏమీ తినదు, వారం పది రోజులు బతుకుతుంది. ఆడది కూర్చున్న చోటే ఉండి వాసన వదిలితే, మగది రెక్కలు టపటపలాడిస్తూ నడిచి వస్తుంది. 1959లో జర్మన్ శాస్త్రవేత్త బూటెనాంట్ అయిదు లక్షల ఆడ చిలుకల నుంచి ఆ వాసన పదార్థాన్ని వేరుచేశాడు. లోకంలో మొట్టమొదట గుర్తించిన ఫెరమోన్ అదే. కొన్ని గంటలయ్యాక ఆ జంటను విడదీసేది కూడా మనిషి చెయ్యే.

గుడ్లు పెట్టిన తల్లిని నూరి మైక్రోస్కోపు కింద చూస్తారు. పెబ్రిన్ రోగ బీజాలు కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేస్తారు. 1865లో ఫ్రాన్స్ పట్టు రైతుల కోసం పని మొదలుపెట్టిన లూయీ పాశ్చర్ నేర్పిన పద్ధతి ఇది. తల్లి నుంచి బిడ్డకు దిగే ఈ రోగానికి షెడ్డులో మందు లేదు. గుడ్లు కొనేటప్పుడు చవకకు పోకండి, పరీక్ష చేసిన విత్తనమో కాదో అడిగి తెలుసుకొని తీసుకోండి.