ఇద్దరి పేరున ఉన్న ఇల్లు, ఒకరు పోయాక ఎవరిది?

భార్యాభర్తలు కలిసి హోమ్ లోన్ తీసుకుని ఫ్లాట్ కొంటారు. సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ రాయిస్తారు. "రేపు నాకేమన్నా అయితే ఇల్లు మొత్తం నీదే" అని భర్త ధైర్యం చెబుతాడు. ఆ మాట మీద భరోసాతో వీలునామా జోలికే వెళ్లని జంటలు మన ఊళ్లలో కోకొల్లలు. చట్టం లెక్క వేరు.

పెళ్లితో ఆలుమగల ఆస్తులు కలిసిపోవడమనేది మన దేశంలో గోవాలో తప్ప దాదాపు ఎక్కడా లేదు. అక్కడ పోర్చుగీసు పాలన నుంచి వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే దంపతుల ఆస్తి ఉమ్మడి అవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అలా కాదు. భర్త పేరున ఉన్నది భర్తది, భార్య పేరున ఉన్నది భార్యది. ఇద్దరి పేరునా ఉంటే ఎవరి వాటా వారిదే. ఒకరు పోయినంత మాత్రాన ఆ వాటా రెండోవారికి దానంతట అదే రాదు.

ఆ ఫ్లాటునే తీసుకుందాం. ఇద్దరికీ చెరి సగం. ఇద్దరు పిల్లలు, భర్త తల్లి బతికే ఉంది. వీలునామా లేకుండా భర్త పోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని మొదటి తరగతి వారసుల్లో భార్య, పిల్లలతో పాటు తల్లి కూడా ఉంటుంది. తండ్రి మాత్రం రెండో తరగతిలోకి వెళ్తాడు. అతని సగం నాలుగు సమ భాగాలై తల్లికి ఎనిమిదో వంతు, పిల్లలకు చెరొక ఎనిమిదో వంతు పోతాయి. భార్యకు తన సగంతో కలిపి ఎనిమిదింట అయిదు వంతులే మిగులుతాయి.

చిక్కు అక్కడితో ఆగదు. కొన్నాళ్లకు ఆ అత్తగారు కూడా ఏమీ రాయకుండా పోయిందనుకుందాం. ఆమె వాటా ఆమె మిగతా కొడుకులకు, కూతుళ్లకు, చనిపోయిన కొడుకు పిల్లలకు పంచుకుపోతుంది. ఆ ఫ్లాటు అమ్మాలంటే ఇప్పుడు బావగారి సంతకం కావాలి, ఆడపడుచు సంతకం కావాలి. పిల్లలు మైనర్లయితే వారి వాటా అమ్మడానికి తల్లి అయినా సరే కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సిందే. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. ఈలోగా బ్యాంకు ఈఎంఐ ఎటూ ఆగదు.

వాటాలు చెరి సగమేనా అన్నదీ తేలిక ప్రశ్న కాదు. ఎవరి సొమ్ము వారు పెట్టి కలిసి కొన్నప్పుడు వేరే ఒప్పందం లేకపోతే, ఎవరు ఎంత పెట్టారో దాన్నిబట్టే వాటా అంటుంది ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్. ఎవరెంత పెట్టారో తేల్చే ఆధారం లేనప్పుడే సమానమని భావిస్తారు. వాయిదాలన్నీ భర్త జీతం నుంచే వెళ్లి ఉంటే, రేపు అతని తరఫు వారసులు ఈ సెక్షన్‌నే పట్టుకుని వాదించగలరు. కొనేటప్పుడే వాటాలు ఇంతింత అని సేల్ డీడ్‌లో రాయించుకుంటే ఆ వాదనకు తావుండదు.

భార్య ఒక్కరి పేరునే కొన్న ఆస్తి సంగతి మరోలా ఉంటుంది. భర్త తన సక్రమ సంపాదనతో కొంటే అది బినామీ కిందికి రాదు. పత్రాల్లో యజమాని ఆమె. ఆమె వీలునామా లేకుండా పోతే అది భర్తకు, పిల్లలకు సమానంగా వెళ్తుంది. ఇద్దరు పిల్లలుంటే భర్త వాటా మూడో వంతు.

అసలు బాధ పిల్లలు లేని ఆడవాళ్లది. హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి ముందుగా పిల్లలకు, భర్తకు వెళ్తుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త తరఫు వారసులకు. ఆ తర్వాతే ఆమె కన్నవాళ్లు. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఓంప్రకాశ్ కేసు ఇందుకు పెద్ద ఉదాహరణ. అందులో ఒక స్త్రీకి 1955లో పెళ్లయిన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోయాడు. అత్తింటివారు వెళ్లగొడితే ఆమె పుట్టింటికి చేరి, చదువుకుని, ఉద్యోగం చేసి సొంతంగా ఆస్తి కూడబెట్టుకుంది. 1996లో వీలునామా రాయకుండానే చనిపోయింది. ఆ స్వార్జితమంతా ఆమెను చదివించిన పుట్టింటికి కాక, భర్త తరఫు వారసులకే దక్కింది. కన్నీటి కథ అయినంత మాత్రాన చట్టాన్ని మరోలా చదవలేమని కోర్టు చెప్పింది. ఆమె బతికుండగా ఒక్క కాగితం రాసి ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి ఉంటే ఈ అన్యాయం జరిగేది కాదు.

పుట్టింటి ఆస్తికి ఒక మినహాయింపు ఉందని చాలామందికి తెలుసు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చినది, ఆమెకు పిల్లలు, వారి పిల్లలు ఎవరూ లేకపోతే, తిరిగి తండ్రి వారసులకే చేరుతుంది. కానీ మన ప్రాంతంలో కూతుళ్లకు వచ్చే భూమి ఎక్కువగా పసుపు కుంకుమ కింద పెళ్లినాడు ఇచ్చినదే. అది దానం, వారసత్వం కాదు. కాబట్టి ఈ మినహాయింపు దానికి వర్తించదు. అమ్మానాన్నలు ఇచ్చిన ఎకరమే అయినా, పిల్లలు లేని కూతురు ముందుగా పోతే అల్లుడికి, అతనూ లేకపోతే అతని వారసులకు వెళ్తుంది. నోటిమాటగా ఇచ్చిన పసుపు కుంకుమ భూమికి మరో గండం కూడా ఉంది. రిజిస్టర్ అయిన పత్రం లేని స్థిరాస్తి దానం చట్టం ముందు నిలవదు.

భర్త వీలునామా రాసినా ఒక వాక్యం దగ్గర జాగ్రత్త పడాలి. "నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను" అనేది మన దస్తావేజు లేఖరులకు కంఠతా వచ్చిన మాట. ఈ మాట మీద ఎన్ని తరాలు కోర్టుల చుట్టూ తిరిగాయో! 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తులసమ్మ కేసు మన నెల్లూరు ప్రాంతానిదే. 1931లో భర్త పోయాక ఆమె మనోవర్తి కోసం దావా వేసింది. 1949లో రాజీ కుదిరి, జీవితాంతం అనుభవించే హక్కుతో కొంత ఆస్తి వచ్చింది. దాన్ని ఆమె అమ్మితే భర్త సవతి సోదరుడు దావాకు దిగాడు. మనోవర్తి హక్కు ఆమెకు ముందునుంచీ ఉంది గనుక, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆమె సంపూర్ణ యజమాని అని కోర్టు తీర్పిచ్చింది. అయితే వీలునామాలో పరిమిత హక్కు మాత్రమే ఇచ్చినప్పుడు ఏం చేయాలనే దానిపై తర్వాతి తీర్పులు రెండు దారులు పట్టాయి. 2024 డిసెంబరులో ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. అందుకే కనీసం ఆమె ఉంటున్న ఇంటినైనా, అమ్ముకునే హక్కుతో సహా సంపూర్ణంగా భార్యకే రాయడం మేలు. ఆమె మలి వయసులో ఆస్పత్రి ఖర్చుకు కొడుకుల ముందు చేయి చాచాల్సిన అవసరం ఉండదు.

నామినీ పేరు రాశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. బ్యాంకు డిపాజిట్లు, షేర్లలో నామినీ సొమ్మును అందుకునే వ్యక్తి మాత్రమే. యాజమాన్యం వారసులది, లేదా వీలునామాలో ఉన్నవారిది. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులోనూ ఇదే చెప్పింది. జీవిత బీమాలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలయితే 2015 సవరణ వారికి అదనపు బలం ఇచ్చింది. అయినా వారసులు సవాలు చేసినప్పుడు హైకోర్టులన్నీ ఒకే మాట చెప్పలేదు. పెళ్లికి ముందు పీఎఫ్‌లో రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, మళ్లీ రాయాలి.

ముస్లిం కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. చెల్లించని మెహర్ అప్పుతో సమానం, పంపకానికి ముందే తీర్చాలి. వీలునామా మూడో వంతు ఆస్తికే పరిమితం. క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలుంటే వితంతువుకు మూడో వంతు దక్కుతుంది.

అమెరికాలోని తెలుగు దంపతులకు రెండు చట్టాలతో పని. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో పెళ్లయ్యాక సంపాదించినది సాధారణంగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి, ఎవరి సగాన్ని వారు మాత్రమే రాసివ్వగలరు. న్యూజెర్సీలో ఆ పద్ధతి లేదు. వాళ్లు హైదరాబాద్‌లో కొన్న ఫ్లాటుకు మాత్రం భారత చట్టమే వర్తిస్తుంది. ఇక్కడి ఆస్తికి ఇక్కడి పద్ధతిలో విడిగా వీలునామా రాసుకోవడం ఉత్తమం. రెండోది మొదటిదాన్ని రద్దు చేసేలా రాయకుండా చూసుకోవాలి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. ఆస్తిలో వాటా దక్కనివారిని, వయసులో చిన్నవారిని సాక్షులుగా పెట్టుకోవాలి. రేపు కోర్టులో వారిలో ఒకరైనా వచ్చి చెప్పాల్సి ఉంటుంది. దంపతులిద్దరూ ఒకే కాగితం మీద కాకుండా ఎవరిది వారు రాసుకుంటే, మార్చుకోవాలన్నప్పుడు ఇబ్బంది ఉండదు. ఎవరికీ తెలియకుండా భద్రపరచాలనుకునేవారు సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయవచ్చు. రాసినవారు పోయాక, ఎవరైనా దరఖాస్తు చేసుకుంటే రిజిస్ట్రార్ ఆ కవరును వారి సమక్షంలోనే తెరుస్తారు.